కొలిమికి తగిన బొగ్గు

కమ్మరి వీధిలో సూదులమ్మినట్లని మనవారు సామెత చెప్పుదురు. విశాఖపట్టణమునందు ఈ సామెతను తలక్రిందు చేసి చెప్పుకొనవలసివచ్చుచున్నది. ఓడలనుండి దిగిన బొగ్గు గుట్టలుగా పడియుండు ఊరిలో, కొలిమిలో వేసికొనుటకు గంపెడు మంచి బొగ్గు దొరకక కమ్మరి వెదకుకొనుచున్నాడు. పాతనగరమున డాబాలమీద ఆరవేసిన బట్టలపై నల్లని ధూళి ఎట్లు వాలునో అక్కడి గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. అయినను ఆ ధూళికి మూలమైన గుట్టనుండి ఒక బస్తా తెచ్చి కొలిమిలో పోసినంతమాత్రమున ఇనుము పని సాగదు. నల్లగా నున్నంతమాత్రమున బొగ్గులన్నియు ఒకటి కావు.

ఈ సంగతి మేము మొదట పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. విరిగిన గునపమొకటి మాకు నేర్పినది. చదువుట తరువాత జరిగినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంటి ప్రహరీగోడకు పునాది త్రవ్వించుచుంటిమి. నేల రాతినేల. పాత గునపము మొన అరిగిపోయినందున, లారీ కమానుకట్ట ముక్క నొకదానిని అతికించి సాగగొట్టించి తెప్పించితిమి. తెచ్చిన మరునాడే అది అతుకు దగ్గర పుటుక్కున విరిగినది. మొన ఎగిరివచ్చి, త్రవ్వుచున్న కూలివాని కాలి బొటనవ్రేలికి బెత్తెడు దూరమున నేలలో దిగబడినది. ఆ బెత్తెడు దూరమే లేకున్న ఆ కుటుంబము గతి యేమి? మేము కోపముతో ఆ రెండు ముక్కలను పట్టుకొని కమ్మరి యొద్దకు పోయితిమి.

ఆయన వృద్ధుడు. పూర్ణా మార్కెటుకు వెనుకప్రక్క సందులో చిన్న రేకుల పాక, అందులో కొలిమి. మా మాటలన్నియు విని బదులు చెప్పక, విరిగిన ముఖమును బొటనవ్రేలితో రుద్ది వెలుతురునకు పట్టి చూచెను. అతుకు నడుమ నల్లని పొర యొకటి కనబడినది. "ఇనుము తప్పు కాదు బాబూ, చెయ్యి తప్పూ కాదు. నిప్పు తప్పు" అనెను. పిమ్మట మూలనున్న బస్తానుండి ఒక బొగ్గుగడ్డను తీసి సుత్తితో చిదిపి మా చేతిలో పెట్టెను. నల్లని చీలికల నడుమ పసుపుపచ్చని తళుకులు మెరయుచుండెను. "బంగారం అనుకునీరు. గంధకం."

ఆయన జన్మమంతయు కర్రబొగ్గుతో పనిచేసినవాడు. కర్రబొగ్గు ధర పెరుగుచుండగా, చౌకగా వచ్చునని ఎవరో చెప్పిన మీదట ఆ నెలలోనే రాక్షసిబొగ్గు కొన్నాడట. మా గునపము ఆ బస్తాలోని మొదటి పనులలో నొకటి.

బొగ్గనగానే సామాన్యముగా మనము వేడిమిని గూర్చియే విచారింతుము. ఏ బొగ్గు ఎక్కువ మండునో అదియే మంచిదనుకొందుము. కొలిమి విషయమున ఇది సగము నిజము మాత్రమే. తిత్తి గట్టిగా ఊదినచో, లేక నేటి విద్యుత్తు బ్లోయరు పెట్టినచో, నాసిబొగ్గైనను ఇనుమును పచ్చగా కాల్చును. ఇనుమును సాగగొట్టుటకు 1100 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడిన వేడి వలయును. అతుకు వేయుటకు 1300 డిగ్రీల దాపునకు పోవలయును. ఆ వేడి తెచ్చుట కష్టము కాదు. ఆ వేడితోపాటు నిప్పు ఇనుమునకు ఇంకేమి ఇచ్చుచున్నదన్నదే అసలు ప్రశ్న. అన్నము వండు పొయ్యిలో గిన్నె అడ్డముండును. కొలిమిలో అట్టి అడ్డము లేదు. బొగ్గు నడుమనే ఇనుము పండుకొని కాగును. బొగ్గులోని దోషము ఇనుమునకు అంటుకొనును.

ఆ దోషములలో మొదటిది గంధకము. బొగ్గులో పసుపుతళుకుగా కనబడునది ఇనుమును గంధకమును కలిసిన రాయి. అది మండునపుడు గంధకము విడివడి, కాగిన ఇనుములోనికి చొరబడును. ఇనుము మనకు ఏకఖండముగా తోచినను, అది చిన్న చిన్న రేణువుల కూర్పు. గంధకము ఇనుముతో కూడి ఆ రేణువుల నడుమ పొరగా చేరును. శుద్ధమైన ఇనుము కరగవలెనన్న 1538 డిగ్రీలు కావలెను. గంధకముతో కూడిన ఆ పొర సుమారు 988 డిగ్రీలకే కరగిపోవును. అనగా సమ్మెట దెబ్బ పడు సమయమునకు లోపలి పొరలు నీరై యుండును. సున్నము ఇంకను ఆరని గోడను భుజముతో నెట్టినచో ఇటుకలు జారిపోవునట్లు, దెబ్బకు ఇనుము పగులును. చల్లగా నున్నపుడు ఇది బయటపడదు. పైకి నున్నగా కనబడు పనిముట్టులో సన్నని పగులు దాగియుండి, బరువు పడిన నాడు విరుగును. కొలిమిబొగ్గులో గంధకము నూటికి ఒక పాలునకు మించరాదని చెప్పుదురు. ఎంత తగ్గిన అంత మేలు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 1933లో ఆరంభమైన మన ఓడరేవు తొలిరోజులలో ముఖ్యముగా మాంగనీసు ఖనిజమును పరదేశములకు పంపుట కొరకు ఉపయోగపడినది. ఆ మాంగనీసే ఉక్కులోని గంధకమునకు విరుగుడు. అది ఉక్కులో నున్నచో గంధకమును తనతో కట్టివేసికొని, సులభముగా కరగని రూపమున ఉంచును. అయితే ఆ విరుగుడు ఉక్కు కాచునాడు ఉక్కులో కలపవలసినది. కొలిమిదాకా వచ్చిన తరువాత కమ్మరి చేతిలో అట్టి మందు లేదు. ఆయనకున్న ఉపాయము మంచి బొగ్గు నెంచుకొనుట యొక్కటియే.

రెండవ దోషము బూడిద. బూడిద యెక్కువైనచో పోయినదేమి, తీసి పారవేయవచ్చును గదా యని తోచును. కాని కొలిమి నడిబొడ్డున బూడిద కరగి జిగటయై, తిత్తిగొట్టము నోటి దగ్గర ముద్దకట్టి గట్టిపడును. దీనిని మన కమ్మరులు చిట్టెమందురు. గాలి దానికి తగిలి ప్రక్కలకు పోవును. నిప్పు నడుమ నల్లబడును. కమ్మరి మరింత ఊదును, మరింత బొగ్గు పోయును. ఇనుము కాగదు, పొలుసు లేచి సన్నబడును. అంతకంటె హాని, అతుకు వేయు రెండు ముఖముల నడుమ ఆ జిగట చేరుట. మా గునపములో కనబడిన నల్లని పొర అదియే.

మూడవది గుణమే గాని దోషము కాదు, మా యభిప్రాయమున కొలిమిబొగ్గునకు ప్రాణమది. కొన్ని బొగ్గులు వేడి తగులగానే మెత్తబడి, ఉబ్బి, ఒకదానితో నొకటి అంటుకొని, పొగ పోయిన పిమ్మట గట్టి బెండువలె నిలుచును. అట్లు నిలిచినదానినే కోకు అందుము. ఇట్టి బొగ్గుతో పేర్చిన నిప్పుకు పైన ఒక గుల్ల యేర్పడును. లోపల గుహవంటి చోటు నిలిచి, వేడి బయటకు పోక ఇనుము చుట్టును తిరుగును. కమ్మరి ఆ గుహలోనికి ఇనుమును దూర్చి తీయును. అంటుకొనని బొగ్గు ఎంత మండినను ఇసుకకుప్పవలె జారుచుండును. ఇనుమును కదపినపుడెల్ల పచ్చిబొగ్గు నిప్పులో పడుచుండును. పచ్చిబొగ్గు పొగతోనే గంధకము వచ్చునని మరువరాదు.

ఇప్పుడు మన ఊరికి వచ్చు బొగ్గులను ఈ మూడు గీటురాళ్ళపై గీసిచూతము.

తెలుగుదేశపు బొగ్గనగా సింగరేణి. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున ఈ బొగ్గును గుర్తించెను. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడెను. ఆ బొగ్గు రైలింజనులను నడిపినది, మిల్లులను త్రిప్పినది, నేటికిని విద్యుత్కేంద్రములకు అన్నము పెట్టుచున్నది. దాని ఘనతను మేము తక్కువ చేయుట లేదు. కాని అది అంటుకొను జాతి కాదు, బూడిదయు ఎక్కువ. బాయిలరు క్రింద మండుటకు పుట్టినది, కొలిమిలో గుహ కట్టుటకు కాదు. పరవాడ యొద్ద 2002లో ఆరంభమైన సింహాద్రి విద్యుత్కేంద్రమునకు ఒడిశాలోని తాల్చేరునుండి రైళ్ళలో వచ్చు బొగ్గును ఇట్టిదే. దానిని పిండివలె నూరి మంటలోనికి ఊదుదురు. బూడిదను వేరుగా పట్టుకొను యంత్రము లుండును గనుక అచ్చట అది చెల్లును.

ఇక ఉక్కు కర్మాగారము. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఎలుగెత్తిన ఆందోళన పిమ్మట, 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. అందులోని కోకు బట్టీలు 7 మీటర్ల ఎత్తు గలవి. ఎఱుపెక్కిన కోకును నీటితో గాక నైట్రోజను వాయువుతో చల్లార్చు పద్ధతి అచ్చట నున్నది. ఆ బట్టీలలోనికి పోవునది ముఖ్యముగా ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలలో వచ్చిన బొగ్గు. ఇంత దూరమునుండి ఏల తెప్పించుకొనవలెనని శ్రోతలు అడుగవచ్చును. బ్లాస్టు కొలిమిలో కోకు తనపై పడు ఖనిజపు బరువునంతయు మోయుచు నలగక నిలువవలెను. అట్లు గట్టిపడు గుణము, బూడిద తక్కువతనము రెండును చాలినంతగా మన బొగ్గులలో లేవు. జార్ఖండులోని ఝరియా బొగ్గునకు అంటుకొను గుణమున్నను, బూడిద ఎక్కువగుటచే దానిని కడిగి వాడవలసియున్నది.

ఇందు మాకు వింతగా తోచిన దొకటి కలదు. ఆకాశమునకు ఎగసిన బ్లాస్టు కొలిమియు, సందులోని రేకులపాక కొలిమియు కోరుకొను గుణములు ఒక్కటియే. అంటుకొనవలెను, బూడిద కొంచెము ఉండవలెను, గంధకము బహుకొంచెము ఉండవలెను. భేదమేమనగా పెద్దకొలిమికి కోకును వేరుగా బట్టీలో వండి వడ్డింతురు. చిన్నకొలిమి తన వంట తానే వండుకొనును. అయితే ఓడ దిగిన ఆ మేలుజాతి బొగ్గు ఒక కమ్మరికి గంపెడు చొప్పున అమ్ముటకు రాలేదు. రేవుచుట్టు చిల్లరగా చౌకగా దొరకునది తఱచు బాయిలరు జాతి బొగ్గే. ఆ వృద్ధుడు మోసపోయినది ఇచ్చటనే.

ఇట్లు మోసపోయినవాడు లోకములో ఆయన మొదటివాడు కాడు. ఇంగ్లండున పదమూడవ శతాబ్దినాటికే న్యూకాసిల్ ప్రాంతమునుండి ఓడలలో లండనుకు బొగ్గు వచ్చుచుండెను. దానిని సముద్రపుబొగ్గనియే పిలిచిరి. అక్కడి కమ్మరులు దానిని వాడిరి. కాని ఖనిజమునుండి ఇనుము తీయువారు మాత్రము గంధకమునకు వెరచి శతాబ్దములపాటు కర్రబొగ్గునే నమ్ముకొనిరి. 1709లో అబ్రహాం డార్బీ బొగ్గును ముందుగా కోకుగా మార్చి ఇనుము తీసి చూపువరకు ఆ చిక్కు విడలేదు.

మన దేశపు పాత ఉక్కును గూర్చి ఒక్కమాట. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో తయారైన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. ఆ ఉక్కు కీర్తిలో అడవి కర్రబొగ్గునకును పాలు కలదు. కర్రలో గంధకము లేనంత తక్కువ. మన భాషయే దీనికి సాక్షి. మిక్కిలి తీవ్రమైన నిప్పును మనము చండ్రనిప్పు అందుము. చండ్ర యనునది చెట్టు. దాని చేవకర్ర నిప్పు అంత తీవ్రము గనుకనే ఆ పేరు నిలిచినది. చండ్ర దొరకనిచోట తుమ్మ, చింత, మన సముద్రతీరమున సరుగుడు, నేడు సర్కారుతుమ్మ బొగ్గు వాడుచున్నారు.

మరి కర్రబొగ్గే మేలైనచో రాక్షసిబొగ్గు ఏల? కర్రబొగ్గు తేలిక. గంప చూచుచుండగనే కరగిపోవును. బండి ఇరుసువంటి లావుపాటి ఇనుమును దానితో కాచుట ఎండకాలమున కుండతో చెరువు నింపుటవంటిది. బ్లోయరు గాలికి అది రవ్వలై లేచిపోవును. తిత్తి మెత్తని ఊపునకు తగినది కర్రబొగ్గు, అంటుకొను రాక్షసిబొగ్గు గట్టిగాలికి ఓర్చుకొనును. కోకునే నేరుగా కొలిమిలో వేయుదమన్నచో, ఊపు ఆగగానే అది ఆరిపోవును. కొడవలిని దాగలిమీద సరిచూచుకొని వచ్చులోపల నిప్పు నల్లబడియుండును.

కావున కొనునపుడు పరీక్షించుటయే శరణ్యము. ఆ వృద్ధుని వలనను, తరువాతి పఠనము వలనను మాకు తెలిసినంత చెప్పెదము.

గడ్డను చేతబట్టి బరువు చూడవలెను. మంచి బొగ్గు నీటికంటె సుమారు 1.3 రెట్లు మాత్రమే బరువు. కలిసిన పలకరాయి రెండు రెట్లకు పైబడును. పరిమాణమునకు మించి బరువు తోచిన గడ్డలో మీరు కొనుచున్నది రాయి. చిదిపి చూచిన మెరుగుగా, చిన్న చిన్న ఘనములుగా విరుగవలెను. మందమైన బూడిదరంగు చారలు, పసుపు తళుకులు ఉండరాదు. ఆపైన ఒక పిడికెడు పొడిచేసి, చిన్న రేకుడబ్బాలో పోసి, మూతకు సన్నని బెజ్జము చేసి, ఆరుబయట కుంపటిమీద పొగ యాగువరకు కాల్చి చల్లార్చి తెరచిచూడవలెను. పొడి పొడిగానే యున్నచో దానిని తిరిగి ఇచ్చివేయుడు. ఇడ్డెనవలె ఉబ్బి ముద్దగా వచ్చినచో అది కొలిమిబొగ్గు. ప్రయోగశాలలలో ఒక్క గ్రాము పొడిని మూసలో కాల్చి, ఉబ్బిన ఆకారమునుబట్టి 9 వరకు అంకెలు వేయు పరీక్షయు సారాంశమున ఇదియే. ఆ ముద్దను కాల్చి బూడిద చేసిన, బూడిద కొంచెముగా ఉండవలెను. ఎఱుపు ఎక్కువైనచో పసుపురాయి ఉండినదని గుర్తు. గడ్డలు రేగుపండునకు నిమ్మకాయకు నడుమ నుండుట మేలు.

కర్రబొగ్గునకు పరీక్ష ఇంకను సులభము. రెండు తునకలను తట్టినచో ఖంగుమనవలెను. గోధుమరంగు మిగిలియున్నచో అది సగము కాలిన కర్ర, పొగ తప్పదు.

మంచిబొగ్గు దొరికినను దానిని నేరుగా ఇనుముపై పోయరాదు. నీరు చిలుకరించి నిప్పు అంచులలో పేర్చి, పొగయు గంధకమును అచ్చటనే పోనిచ్చి, కోకైన పిమ్మట నడుమకు త్రోయవలెను. ఇనుము నిప్పు పైభాగమున ఉండవలెనే గాని గొట్టము నోటికి ఎదురుగా ఉండరాదు. ఉన్నచో గాలి ఇనుమునే తినును.

మా గునపమును ఆయన మా కన్నులయెదుటనే మరల చేసెను. కూలి పుచ్చుకొననని మొండిపట్టు పట్టెను. "తాతా, బొగ్గు ఖర్చయినా తీసుకో" అని మేము బలవంతపెట్టవలసివచ్చినది. కొలిమి నంతయు తోడి, చిట్టెము ఏరిపారవేసి, సరుగుడు బొగ్గు పోసి, మనుమని తిత్తి దగ్గర కూర్చుండబెట్టెను. రెండు ముక్కలును తెల్లబారుచుండగా వెలిగారము చల్లెను. ఇనుమునుండి మొదటి రవ్వ లేచీలేవక ముందే పట్టకారుతో దాగలిమీదికి తెచ్చి, నాలుగైదు దెబ్బలలో అతుకు ముగించెను. ఆ గునపముతోనే గోడ పునాది పూర్తియైనది. అది నేటికిని మా పెరటిలో నున్నది.

నేడు ఆ పాకలో రెండు గంపలు వేరువేరుగా నుండును. అంచుకట్టు పనులకు, అతుకులకు కర్రబొగ్గు. గడ్డపారలు, ఇరుసులు మొదలగు లావుపనులకు, డబ్బా పరీక్షలో ముద్దకట్టిన రాక్షసిబొగ్గు. ఆ డబ్బా మేకుకు వ్రేలాడుచుండును. ఆనాటి పసుపుతళుకుల బస్తా ఏమైనదని అడిగితిమి. ఇటుకబట్టీవాడొకడు సగము ధరకు తీసికొనిపోయెనట.